రెండు గంపల తాలు

నా చిన్నప్పుడు ఓట్లూ మిరపకాయలూ ఒకేసారి వచ్చిన ఏడు ఒకటుంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్ళో పై బజారుది ఒక పార్టీ, కింద బజారుది ఇంకో పార్టీ. మేము పై బజారు. కింద బజారు అక్క ఒకామె ఎకరం కౌలుకు చేసేది. ఆమె కల్లం మా కల్లం పక్కనే ఉండేది. తొడిమ ఊడకుండా కాయ ఎలా పట్టుకోవాలో నాకు నేర్పింది ఆమే.

ఓట్లకు ముందు కింద బజారు కుర్రాళ్ళు మా జెండా పీకి కాలవలో పడేశారు. మావాళ్ళను బూతులు తిట్టారు. రెండు రోజుల తర్వాత, ఊరంతా మీటింగుకు పోయిన సాయంత్రం, అక్క ఆరబోసుకున్న కాయల మీద మావైపువాళ్ళెవరో ఇంజను పైపుతో నీళ్ళు కొట్టారు. తడిసిన మిరపకాయ నాలుగు రోజుల్లో రంగు పోయి, ధర పలకని తాలవుతుంది. ఆ ఏడు ఆమె ఇల్లు నడవడానికి ఆ రాశి తప్ప ఇంకేమీ లేదు.

పెద్దమనుషులు కూర్చుని, తప్పు అటూ ఇటూ సమానమే కాబట్టి ఎవరూ ఎవర్నీ ఏమీ అడగొద్దని తేల్చారు. ఆ మాట కాగితం మీద పెట్టమని రిటైరైన మాస్టారైన మా తాతయ్యను అడిగారు. ఆయన రాస్తే ఊళ్ళో ఎదురు లేదు. సాయంత్రం ఇస్తానని చెప్పి ఆయన నన్ను కల్లానికి తీసుకెళ్ళారు.

మా రాశిలోంచి ఒక గంప, అక్క రాశిలోంచి ఒక గంప నా ముందు పోయించి, తాలు ఏరమన్నారు. మధ్యాహ్నం దాకా ఏరాను. చేతులు మండాయి. మా గంపలో దోసెడు వచ్చింది. అక్క గంపలో సగానికి పైనే.

"రెండిట్లోనూ తాలు ఉందామ్మా?" అని అడిగారు తాతయ్య.

ఉందన్నాను.

"సమానంగా ఉందా?"

లేదన్నాను.

పక్కనే కూర్చున్న అక్క తలెత్తలేదు. "వాళ్ళు చెప్పినట్టే రాసెయ్యండి మాస్టారూ. నేను ఈ ఊళ్ళోనే బతకాలి కదండీ" అంది.

తాతయ్య ఉన్నదున్నట్టే రాశారు. జెండా పీకింది వాళ్ళని, నీళ్ళు కొట్టింది మనవైపువాళ్ళని, ఆ రెండూ ఒకటి కావని. మా నాన్న ఆ కాగితం చించేసి వేరొకరి చేత సమానమని రాయించాడు. అక్క దాని మీద వేలిముద్ర వేసింది. వేసవి కాకముందే దాచేపల్లివైపు సిమెంటు ఫ్యాక్టరీలో కూలికి వెళ్ళిపోయింది. తాతయ్య, నాన్న ఒకే వసారాలో ఉంటూ మాటలు మానేశారు.

తర్వాతి ఓట్లలో కింద బజారు గెలిచింది. ఆ పూట మావాళ్ళు రెండు తిట్లు తిడితే, వాళ్ళు మా గడ్డివామి తగలబెట్టారు. ఈసారి తాలు అటే ఎక్కువ. పెద్దమనుషులు మళ్ళీ సమానమనే అన్నారు. తాతయ్య అప్పటికి లేరు.

ఇప్పుడు టీవీలో ఒకాయన అంతా అవతలివాళ్ళే చేస్తున్నారంటాడు, ఇంకొకాయన ఇద్దరూ ఒకటే అంటాడు. నాకు కోపం కూడా రాదు. మనవరాలు వచ్చి ఎవరిది నిజమని అడిగితే, ఏరి చూశారేమో కనుక్కోమంటాను. ఈసారి ఏరింది వచ్చేసారికి పనికిరాదని కూడా చెబుతాను.

ఒక్క మాట మాత్రం దానికీ చెప్పలేదు. ఆ మీటింగు రోజు సాయంత్రం మా కొట్టంలో చుట్టిపెట్టిన పైపులోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. నాన్న కాళ్ళకు బురద ఉంది. నేను చూశాను. ఆ తర్వాత కల్లంలో అక్క పక్కనే కూర్చుని, మధ్యాహ్నం దాకా తాలు ఏరుతూనే ఉన్నాను.