పెద్దమ్మ వేలిముద్ర

ఆ ఏడు తోతాపురి మామిడి ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీ ఇచ్చేదానికి తోడు కిలోకింత అని ప్రభుత్వం రైతు ఖాతాలో వేస్తుందన్నారు. తోట నమోదు చేయించుకుంటే చాలట.

నాయన వద్దన్నాడు. "అడిగితే గుర్తు చేసినట్టయితాది పాపా."

నాయనా, పెదనాన్నా భాగాలు పంచుకున్నాక సాగుకు వీలుగా ఉంటుందని నోటిమాట మీద పొలాలు మార్చుకున్నారు. మా ఊళ్లో అది మామూలే. పెదనాన్న పేరున్న మెట్టలో నాయన మామిడి నాటాడు. రోడ్డు పక్కన నాయన పేరున్న వరి కయ్యను పెదనాన్న అమ్మి తిరుపతిలో ఇల్లు కట్టుకున్నాడు. నాయనే వెళ్లి సంతకం పెట్టి వచ్చాడు. "నీది రేపు రాసిస్తాలేరా" అన్న పెదనాన్న రాసివ్వకుండానే పోయాడు. కాబట్టి కాగితాల్లో మాకు సెంటు భూమి లేదు. ముప్పై ఏళ్లు సాకిన తోట పెద్దమ్మ పేరున ఉంది. ఆమెకు చదువు రాదు, ఆ సంగతి తెలియదు. నాయన బతుకంతా ఆ తెలియకపోవడం మీదే నిలబడి ఉంది.

నాకేమో ఒళ్లు మండింది. తిరుపతి బడిలో పంతులమ్మను కదా, అన్నీ నాకే తెలుసు! ఊరికే వచ్చే డబ్బు వదులుకుంటారా ఎవరైనా అని నాయన్ని వారం రోజులు సతాయించాను. చివరికి ఆయన తలూపాడు.

నమోదు చేసే అమ్మాయి ఫోను చూసి, రికార్డులో పేరున్న మనిషి తోటలో నిలబడాలంది. ఫోటో తీసి వేలిముద్ర వేయించుకోవాలట. డబ్బు కూడా ఆ మనిషి ఖాతాలోనే పడుతుందట. పెద్దమ్మను తిరుపతి నుంచి నేనే కారులో తీసుకొచ్చాను. "ఊరికే ఒక ఫోటో వదినా" అన్నాడు నాయన. ఆమె చెట్టు కింద కొంగు సర్దుకుని నిలబడి పైకి చూసింది.

"ఎంత బాగా కాసినాయప్పా!"

నాయన చొక్కా వీపు తడిసిపోవడం అప్పుడు చూశాను. నాకూ మొదటిసారి భయం వేసింది.

కాయలు ఫ్యాక్టరీకి పోయాయి. మొన్న బుధవారం పెద్దమ్మ ఫోన్ చేసి డబ్బు పడిందని, వచ్చి తీసుకుపొమ్మని చెప్పింది. నాయనా నేనూ వెళ్లాం. బ్యాంకు నుంచి తెచ్చిన కవరుకు కుంకుమ పెట్టి నాయన చేతిలో పెట్టింది. "నీ కష్టం, నాకెందుకప్పా." ఇలాంటి మనిషిని అనుమానించామే అని నాకు సిగ్గేసింది. నాయన కాఫీ కూడా అడిగి తాగాడు.

గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిన పెద్దమ్మ పాసుబుక్కుతో తిరిగి వచ్చింది. పెదనాన్న పోయాక ఆమె పేరుకు మారిన భూమి పుస్తకం అది.

"బ్యాంకులో పిల్ల అడిగింది, నీకు తోట ఉండాదా అవ్వా అని. నాకు తోట యాడిదే అన్నాను. నువ్వు సదువుకున్నదానివి గదా పాపా, ఇందులో ఏం రాసుండాదో సెప్పు."

పుస్తకం నా చేతిలో ఉంది. పెద్దమ్మ పేరు, నంబరు, ఎకరాలు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలు. నాయన నా వంకే చూస్తున్నాడు.

"కళ్లద్దాలు తేలేదు పెద్దమ్మా" అన్నాను. అవి నా సంచిలోనే ఉన్నాయి.

"పోనీలే, ఆదివారం మా పెద్దోడు వస్తాడు. వాడు సదువుతాడు" అని పుస్తకాన్ని టీవీ పక్కన పెట్టింది.

ఇవాళ శుక్రవారం. కవరు ఇంకా విప్పలేదు. ఫోన్ మోగితే నాయన ఎత్తడం లేదు. కాపు అయిపోయిన తోటలో పనేమీ లేకపోయినా పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాడు. అన్నానికి పిలవడానికి కూడా నాకు ముఖం చెల్లడం లేదు.