మరకలమ్మ ఇంట్లో మరక

ఆవిడ అసలు పేరు డ్రైక్లీనింగ్ షాపు యజమానికి కూడా గుర్తులేదు. అందరికీ మరకలమ్మే. పెళ్లయిన కొత్తలో ఇస్త్రీ బల్ల దగ్గర పనికి చేరి, మోకాళ్లు మొరాయించేదాకా ఆ షాపు వెనక గదిలోనే గడిపింది. ముందు గదిలో కౌంటరు, అద్దాలు, పలకరింపులు. వెనక గదిలో ఆవిరి, పొడుగాటి బల్ల, నెత్తిమీద వేలాడే బల్బు, గూట్లో సీసాలు. ఇంకు, నెత్తురు, గ్రీజు, లిప్‌స్టిక్, ఏదొచ్చినా ఆ బల్బు కింద పరిచి, ముందు వాసన చూసేది. "టీ ఒలికిందన్నాడా? ఇది టీ కాదు, బ్రాందీ" అనేది. ఎన్ని కాపురాల గుట్టు ఆ ముక్కుకి తెలుసో లెక్కలేదు గానీ, ఒక్కటీ బయటికి పొక్కలేదు.

కొందరు గర్వాన్ని దాచుకుంటారు. మరకలమ్మ దండెం మీద ఆరేసుకుంటుంది. "నా చేతికి లొంగని మరక ఇంకా పుట్టలేదు" అని షాపులో కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ చెప్పేది. న్యాయంగా మాట్లాడాలంటే అందులో అబద్ధం పాలు చాలా తక్కువ.

పని మానేశాక కొడుకు దగ్గరికి వచ్చేసింది. కొడుకు కళ్లజోళ్ల షాపులో అమ్మకాలు చూస్తాడు. పొద్దస్తమానం అద్దాల మధ్యే నిలబడతాడు కాబట్టి మీసంలో ప్రతి తెల్ల వెంట్రుకా అతనికి బాగా పరిచయం. కోడలు సిటీ బస్సు నడుపుతుంది. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడినప్పుడు మర్యాదగా మాట్లాడుతుంది. అత్తగారి మోకాళ్లకి తైలం తెస్తుంది, మంచం కిటికీ పక్కకి జరిపిస్తుంది. కానీ డ్యూటీ నుంచి రాగానే తన యూనిఫాం తనే బకెట్‌లో నానబెట్టుకుంటుంది.

"ఇటివ్వమ్మా, నేను చూస్తాగా" అంటే, "ఎందుకత్తయ్యా మీకు శ్రమ, నాది నేను ఉతుక్కుంటాను" అంటుంది.

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే మరకలమ్మకి అది ముల్లులా గుచ్చుకునేది. ఊరంతా తమ పెళ్లిబట్టలు తెచ్చి ఆ చేతుల్లో పెట్టి నిశ్చింతగా వెళ్లిపోయారు. సొంత కోడలు ఒక్క చొక్కా ఇవ్వదు. ఆ ఇంట్లో ఆవిడకి తిండికీ గుడ్డకీ లోటు లేదు. కావలసిందల్లా ఆ చొక్కా.

వంటింట్లో క్రీము రంగు వినైల్ ఫ్లోరింగ్ ఉంది. కోడలు షాపులన్నీ తిరిగి, నమూనా ముక్కలు ఇంటికి తెచ్చి, కిటికీ వెలుతురులో ఒక్కొక్కటే పరిచి చూసి మరీ వేయించుకున్న షీటు అది. రోజంతా బ్రేకులు తొక్కిన కాళ్లతో ఇంటికొచ్చి, బూట్లు విప్పేసి, ఆ నేల మీద ఉత్తి పాదాలతో కాసేపు నిలబడుతుంది. అప్పుడు తననెవరూ పలకరించకూడదు. అది ఇంట్లో అందరికీ తెలుసు.

ఒక ఆదివారం కోడలు డ్యూటీలో ఉండగా కొడుకు వంటింటి కిటికీ గొళ్లేనికి చిన్న అద్దం తగిలించి మీసానికి రంగు వేసుకోవడం మొదలెట్టాడు. ఇంట్లో అక్కడే వెలుతురు బాగుంటుందట. సగం మీసం అయ్యేసరికి ఫోను మోగింది. అద్దెకిచ్చిన స్కూటరు గురించి ఎవరితోనో వాదన. మాట్లాడి వచ్చి చూస్తే సింకు ముందు నేల మీద శనగగింజంత నల్లటి చుక్క, నిక్షేపంగా ఆరిపోయి ఉంది.

"అమ్మా, ఒకసారి ఇటు రా. మెల్లిగా."

"ఇంట్లో మనిద్దరమే ఉంటే గుసగుసలెందుకురా?"

అతను చూపించాడు. "తను వచ్చేలోపు పోతుందా?"

మరకలమ్మ నవ్వింది. "ఎవర్ని అడుగుతున్నావురా నువ్వు?"

కొంగు దోపుకుని, పీట వేసుకుని కూర్చుంది. ముందు సబ్బునీళ్లతో తుడిచింది. తర్వాత వంటసోడా ముద్ద చేసి చుక్క మీద పట్టించి, కాసేపాగి తీసింది. తర్వాత దెబ్బలు తుడుచుకునే స్పిరిట్ దూదికి అద్ది నెమ్మదిగా ఒత్తింది. దూది మారుస్తున్నకొద్దీ నలుపు గోధుమ రంగయింది, గోధుమ రంగు పలచబడి వెలిసిన టీ చుక్కలా మిగిలింది. వంగి చూస్తే తప్ప తెలియదు.

"చాలమ్మా. కనపడట్లేదు."

"నీకు కనపడదు. నాకు కనపడుతోంది."

అక్కడ ఆగి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. మరకలమ్మ తన పెట్టె అడుగునుంచి షాపులో వాడిన థిన్నర్ సీసా తీసుకొచ్చింది. వెనక గది మొదటి పాఠం ఏమిటంటే, ఏ మందైనా ముందు గుడ్డ అంచు లోపలివైపు, ఎవరికీ కనపడని చోట ఒక చుక్క వేసి చూసుకోవాలి. ఈ పాఠం చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు అరిగిపోయింది. ఆ క్షణంలో అది గుర్తు రాలేదంటే అబద్ధం. వచ్చింది. 'నేలకి అంచెక్కడుంటుందిలే' అనుకుంది.

గుడ్డ తడిపి గట్టిగా రుద్దింది. గుడ్డ జారాల్సింది పోయి అతుక్కుంది. బట్టలో అయితే మందు మరకని కరిగించి అవతలివైపుకి దిగిపోతుంది. ఇక్కడ అవతలివైపు లేదు, కరుగుతున్నది నేలే. చెయ్యి తీసేసరికి చుక్క చెదిరి పాకి, మెరుపు చచ్చి, అరచేయంత మేర బూడిదరంగు గరుకు మచ్చ. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తింది మరకలమ్మ. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఆవిడ పీట మీద అలాగే కూర్చుండిపోయింది. అంత వయసొచ్చాక తన చేతుల్ని తను కొత్తగా చూసుకోవడం ఏం బాగుంటుంది? సిగ్గేసింది.

కొడుకు ఈలోపు స్నానాలగదిలోని రబ్బరు మ్యాటు పట్టుకొచ్చి మచ్చ మీద పరిచాడు. "సింకు ముందు మ్యాటు ఉండటం మామూలేగా. కాలు జారకుండా నువ్వే వేయమన్నావని చెప్తాను."

ఆలోచన మంచిదే. మరకలమ్మ మ్యాటు వంక చూసింది. షాపులో ఎప్పుడైనా ఒక గుడ్డ పాడైతే, పాడైన వైపు మడతలోకి పెట్టి ప్యాకెట్ కట్టేయమనేవాడు యజమాని. ఆవిడ కట్టేది కాదు. తనే కౌంటరు దగ్గరికొచ్చి, మడత విప్పి, ఇదీ జరిగింది అని చూపించేది. తిట్లు తినేది. అయితే అక్కడ పోయేది ఒక గిరాకీ. ఇక్కడ చెబితే ఆ చొక్కా ఇక ఈ జన్మలో తన చేతికి రాదు. ఆవిడకి భయం వేసింది. భయపడుతూనే వంగి మ్యాటు లాగేసింది.

"నేనే చెప్తాను. నువ్వు నోరు మెదపకు."

కోడలు వచ్చింది. బూట్లు విప్పుతూ మొగుడి మొహం చూసి, "మీసానికేమైంది?" అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి మూతి మీదికి పోయింది. హడావిడిలో మరిచేపోయాడు. కుడివైపు నిగనిగలాడే నలుపు, ఎడమవైపు పాత తెలుపు. మ్యాటు కాదు, కార్పెట్ పరిచినా ఆ మీసమే సాక్ష్యం చెప్పేసేది.

కోడలు వంటింట్లోకి వచ్చి ఆగింది. మరకలమ్మ మచ్చ పక్కనే నిలబడి ఉంది.

"మరక వాడిదమ్మా. పాడుచేసింది మాత్రం నేను. దాదాపు పోయింది. వదిలేస్తే సరిపోయేది, వదల్లేదు. ఓ మూల వేసి చూసుకోకుండా మందు పోశాను. పని తెలిసినదాన్నై ఉండీ చేశాను."

కోడలు గొంతుక్కూర్చుని మచ్చ మీద వేలు రాసింది. "ఇష్టపడి వేయించుకున్నానత్తయ్యా" అంది.

"తెలుసమ్మా."

అంతే. లేచి స్నానానికి వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది మరకలమ్మకి.

కూర్చుని ఏడ్చే రకం కాదావిడ. షాపులో కోట్లకి కన్నాలు పూడ్చే ముసలాయన గుర్తొచ్చాడు. సిగరెట్టు కాలిన చోట అల్లడానికి దారం ఎక్కడినుంచి తీసేవాడు? అదే కోటు లోపలి మడత నుంచి. బజారు దారం ఎంత కలిసినా కలవదు, దాని దారం దానికే కలుస్తుంది అనేవాడు. మరకలమ్మ వంటిల్లంతా కలియజూసింది. చూపు ఫ్రిజ్ దగ్గర ఆగింది. నేలకి అంచు లేకపోవడమేమిటి, దర్జాగా ఫ్రిజ్ కింద ఉంది.

"ఒరేయ్ అరమీసం, ఇటొచ్చి దీన్ని జరుపు."

కోడలు తడిజుట్టుతో వచ్చేసరికి ఫ్రిజ్ గది మధ్యలో ఉంది. "ఇప్పుడేం చేస్తున్నారత్తయ్యా?"

"ఇంకా ఏమీ చేయలేదమ్మా. ఈసారి అడిగి చేద్దామని ఆగాను." సంగతి చెప్పింది. "ఫ్రిజ్ కింది ముక్క కాస్త పెద్దగా తీసి, మచ్చ మీద పరిచి, రెండూ కలిపి ఒకేసారి కోస్తే కొలత తప్పదు. నా చెయ్యి వద్దు, ఇవాళ నాకు దాని మీద నమ్మకం లేదు. నువ్వు కొయ్యి."

కోడలు ఫ్రిజ్ కిందికీ మచ్చ వైపుకీ రెండుసార్లు చూసింది. తర్వాత స్కేలు, బ్లేడు తెచ్చింది. ఇరుకు సందుల్లో బస్సు తిప్పే చెయ్యి, గీత వంకరపోలేదు. మరకలమ్మ స్కేలు కదలకుండా రెండు చేతులతో అదిమిపట్టింది. జిగురు రాసి, కొత్త ముక్క కూర్చోబెట్టి, పైన నీళ్ల బిందె బరువు పెట్టారు. పాడైన ముక్క ఫ్రిజ్ కింద కన్నంలోకి పోయింది. కొడుకు మళ్లీ ఫ్రిజ్ తోశాడు. మిగిలిన సగం మీసానికి రంగు వేయడానికి ఆ రోజు ఎవరూ అనుమతి ఇవ్వలేదు.

ముక్క అతుకు వెతికితే తెలుస్తుంది. పాదాలు తగలని చోటునుంచి వచ్చింది కదా, ఒక పిసరు తెల్లగా ఉంది. రెండురోజుల తర్వాత కోడలు డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పి, సరిగ్గా ఆ ముక్క మీదే నిలబడింది. ఎవరూ పలకరించలేదు. కాసేపటికి తనే అత్తగారి గదిలోకి వచ్చింది. చేతిలో యూనిఫాం చొక్కా ఉంది, జేబు కింద నీలంగా పెన్ను కక్కిన మరక.

"ఇది పోతుందా అత్తయ్యా?"

ఎవర్ని అడుగుతున్నావు అనే మాట మరకలమ్మ నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "చూడాలమ్మా. పాడయినా అవ్వచ్చు."

"అయితే మీరే చెప్తారుగా" అంది కోడలు. చొక్కా ఆవిడ చేతిలో పెట్టి, నిశ్చింతగా వెళ్లిపోయింది.

మరకలమ్మకి కళ్లు చెమర్చాయి. తుడుచుకుని, లైటు వేసి, చొక్కా అంచు తిరగేసి పట్టుకుని ఎవరికీ కనపడని చోటు వెతకసాగింది.