కాకి నొప్పి

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు నన్ను సింగపూర్‌లోని ఒక ఆసుపత్రి ఎముకల విభాగంలో, మోకాళ్ల క్లినిక్‌కు సీనియర్ ఫిజియోథెరపిస్టుగా వేశారు. అక్కడి పద్ధతి ప్రకారం పాలీక్లినిక్ డాక్టరు పంపిన రోగిని ముందు మేమే పరీక్షించేవాళ్లం. కీలు మార్చాల్సినంత అరిగిందనిపిస్తేనే సర్జన్ దగ్గరికి పంపాలి.

అలా సెంబవాంగ్ నుంచి వచ్చారు అప్పలనరసమ్మగారు. అరవై దాటిన మనిషి. ఆవిడ తాతగారు నౌకాస్థావరంలో పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. నేను తెలుగుదాన్నని తెలియగానే, "కాకి సాకిట్ అమ్మా, సానా రోజులైంది" అన్నారు. మలయ్‌లో కాకి అంటే కాలు, సాకిట్ అంటే నొప్పి. ఇన్నేళ్లు ఇక్కడ పనిచేసినా, తెలుగు నోట ఆ మాట వినగానే నాకు మన నల్లకాకే గుర్తొచ్చింది. సరిగ్గా ఎక్కడ అని అడిగితే పక్కనున్న కొడుకు వైపు చూశారు. అతనే అందుకుని, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో, "మోకాలే లా, ఆంటీ. రీప్లేస్ చేసేస్తే ఫినిష్" అన్నాడు.

తొందర ఎందుకంటే, నాలుగు నెలల్లో చిన్నకూతురి పెళ్లి. "నేను పీటల మీద కూకోలేకపోతే మా తోడికోడలు మొగుడితో కూకుంటాది. కన్యాదానం ఆలే సేసేత్తారు" అన్నారు. కాలి నొప్పి కంటే తోడికోడలి నొప్పే ఎక్కువగా ఉన్నట్టుంది. నవ్వొచ్చింది గానీ, ఆవిడ కళ్లలో నీళ్లు చూసి ఆపుకున్నాను.

ఎక్స్‌రేలో మోకాలు వయసుకు తగ్గట్టే ఉంది. మంచం మీద పడుకోబెట్టి, మోకాలు మడిచి, తొడను లోపలి వైపు తిప్పబోతే తిరగలేదు. ఆవిడ పళ్లు బిగబట్టారు. కొడుకును బయట కూర్చోమని, తెర లాగి, నొప్పి ఉన్న చోట వేలు పెట్టమన్నాను. వేలు మోకాలి దగ్గర బయల్దేరి, తొడ మీదుగా పాకి, గజ్జలో ఆగింది.

"మగపిల్లోడి ముందర గజ్జని ఎలా సెప్తానమ్మా? అందుకే కాకి అన్నాను."

పాదం నుంచి తుంటి దాకా అంతటికీ సరిపోయే మాట అది. మర్యాదా దక్కింది, రోగమూ దాగింది.

తుంటి కీలు రుబ్బురోలు లాంటిది. తొడ ఎముక తల పొత్రమైతే, కటి ఎముకలోని గుంట రోలు. గుంట పుట్టుకతోనే లోతు తక్కువైతే బరువంతా అంచు మీద పడి, మధ్యనున్న మెత్తటి పొర త్వరగా అరిగిపోతుంది. తుంటికి ఎక్స్‌రే తీయిస్తే ఆవిడదీ అదే కథ. ఆ నొప్పి సాధారణంగా గజ్జలో తెలుస్తుంది, ఒక్కోసారి మోకాలిదాకా దిగుతుంది. తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయన్న సామెతను వెక్కిరింతకు వాడతాం గానీ, మా వృత్తిలో అది సగం నిజమే.

మోకాలు మార్చి ఉంటే ఆ నొప్పి అలాగే ఉండిపోయేది. సర్జన్ తుంటి కీలు మార్చారు. అయితే కొత్త కీలు జారకుండా కొన్ని నెలలు కింద కూర్చోవద్దన్నారు. పీటల గొడవ మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి ఆవిడే పంతులుగారితో తేల్చుకున్నారు. "కుర్సీ మీదేస్తే పీట పీట కాకుండా పోద్దేటి?" అని అడిగారట. ఆయన నవ్వేసి, కుర్చీ కాస్త వెడల్పుది చూడమన్నారట.

పెళ్లికి నన్నూ పిలిచారు. కుర్చీ మీద పీట, పీట మీద ఆవిడ, పక్కన భర్త. తోడికోడలు మొదటి వరసలో కూర్చుని అక్షతలు వేసింది. కన్యాదానం అయ్యాక వియ్యపురాలు మోకాలు రుద్దుకుంటూ లేవబోతే అప్పలనరసమ్మగారు ఆమె చెయ్యి పట్టుకుని, "అది మోకాలు కాదేమో వదినా, గజ్జల్లో సూపించుకోండి" అన్నారు. పంతులుగారి మైకు ఇంకా ఆపలేదు. మండపమంతా విన్నది, కొడుకుతో సహా.

ఆ తరవాత పదవీ విరమణ దాకా నొప్పి ఎక్కడని నేను ఎవరినీ నోటితో చెప్పమనలేదు. వెంట వచ్చినవాళ్లను బయటికి పంపి, వేలు పెట్టి చూపించమన్నాను.