నలభయ్యారు కొలత

ముందు అడుగులు వినిపించాయి. కప్పు మీద, సరిగ్గా నా మంచం పైన. కుడి అడుగు మెత్తగా, ఎడమ అడుగు బరువుగా పడేవి. ముప్పై ఎనిమిది అడుగులయ్యాక ఒక మలుపు, మలుపు దగ్గర చెప్పు నేలకు రాసుకున్న చప్పుడు, మళ్ళీ ముప్పై ఎనిమిది. ఉదయం ఐదున్నరకు మొదలై ఆరుంబావుకు ఆగిపోయేవి. నెల రోజుల పాటు ఆ మనిషిని నేను చెవులతోనే చూశాను.

ఒకనాడు కుళాయిలో నీళ్ళు రాకపోతే ట్యాంకు చూద్దామని మేడ మీదికి వెళ్ళాను. ఇంకా రంగు తేలని వెలుతురులో ఒకావిడ ట్యాంకు చుట్టూ తిరుగుతోంది. రెండో అంతస్తులో ఉండే ఆవిడే. యాభైకి దగ్గర పడిన వయసు, నిండైన ఒళ్ళు, చేతిలో పిండిన రుమాలు. నన్ను చూసి ఆగింది.

"మీ నిద్ర చెడగొడుతున్నానేమో."

"లేదండీ. అలారం పెట్టుకోవడం మానేశాను, అంతే."

నవ్వింది. ఎదురుగా పార్కు ఉందిగా, ఈ ఇరుకులో ఎందుకు అని అడిగాను.

"ఆ దారిలో మా ఫ్యాక్టరీ బస్సు తిరుగుతుందండీ. నేను నడుస్తున్నట్టు అక్కడివాళ్ళెవరికీ తెలియకూడదు." ఏదో దొంగతనం ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి చెప్పింది.

ఆ తర్వాత చాలా ఉదయాలు పిట్టగోడకు ఆనుకుని నిలబడి ఆవిడ కథ విన్నాను. ఆవిడ నడుస్తూనే చెప్పేది. ట్యాంకు వెనక్కి వెళ్ళినప్పుడు మాట సన్నగిల్లేది, ఇటు తిరిగాక మళ్ళీ తేటపడేది. ఆ జీవితం నాకు అలా ముక్కలు ముక్కలుగా, చుట్టుకొక ముక్కగా అందింది.

బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో ఆవిడ పని. పంతొమ్మిదో ఏట దారాలు కత్తిరించడానికి చేరింది. పెళ్ళయ్యాక కుట్టుమిషను మీదికి వచ్చింది. వరసగా వేసిన నలభై మిషన్లను అక్కడ లైను అంటారు. ఒకరు మెడ కుడితే, ఒకరు జేబు, ఒకరు అంచు. ఆవిడది కుడి చెయ్యి. పదిహేడేళ్ళు ఒక్క కుడి చెయ్యే కుట్టింది. "ఎడమ చెయ్యి కుట్టే ఆవిడ నా పక్కనే ఉండేదండీ. ఆవిడ రిటైరైన రోజున ఇద్దరం కలిసి ఒక మనిషికి సరిపోతాం అనుకుని నవ్వుకున్నాం." ఇద్దరు పిల్లలు పుట్టారు, ఒళ్ళు పెరిగింది, మోకాలు అరిగింది. స్టూలు మీద సర్దుకుంటుంటే వెనక వరస నుంచి మాటలు పడేవి. స్టూలుకు బీమా చేయించమని ఒకరు, రెండు స్టూళ్ళు తెప్పించమని ఇంకొకరు.

అలాంటి రోజుల్లో కొలతల మాస్టరు మెడలో టేపు వేసుకుని లైన్లలోకి వచ్చాడు. ఫ్యాక్టరీ కొత్తగా పెద్ద సైజుల గౌన్లు మొదలుపెట్టింది. వాటిని తొడిగి చూడ్డానికి సాంపిల్ రూములో ఒక బొమ్మ ఉంది గానీ, బొమ్మ కూర్చోదు, చేతులెత్తదు, వంగి చెప్పు తొడుక్కోదు. కాగితం మీది కొలతలకు సరిపోయే మనిషి కావాలి. ఆవిడ దగ్గర ఆగాడు. ఛాతీ నలభయ్యారు. నడుము నలభైరెండు. తుంటి యాభై. చదివిన అంకె చదివినట్టే సరిపోతుంటే ఆ పెద్దమనిషి మొహం విప్పారిపోయిందట.

"ఊహ తెలిశాక నా ఒళ్ళు చూసి ఒకరు సంతోషించడం అదే మొదలండీ," అంది. ఆ మాట అనడానికి మాత్రం నడక ఆపింది.

అప్పట్నుంచి పదకొండేళ్ళు ఆవిడే కొలత. పేరు కూడా మారిపోయింది. క్యాంటీనులో, బస్సులో, జీతాల గది కిటికీలో అందరికీ ఆవిడ నలభయ్యారు. "వయసు నలభయ్యారైన ఏడాది మా మాస్టారు కేకు కోయించాడు. పేరూ వయసూ కలిశాయి, ఇక పెరగడం ఆపెయ్యమన్నాడు." సాంపిల్ రూములో ఆవిడకు ఫ్యాను కింద చేతుల కుర్చీ ఉంది. రోజుకు ఆరేడు గౌన్లు తొడుక్కోవాలి, నిలబడాలి, కూర్చోవాలి, పైఅరలో డబ్బా అందుకుంటున్నట్టు చెయ్యి చాపాలి. ఎక్కడ పట్టేస్తోందో చెప్పాలి. ఆవిడ "హాయిగా ఉంది" అంటే, అది వేల ఒళ్ళ మీదికి వెళుతుంది. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళెందరో ఆవిడ ఊపిరి పీల్చుకున్న మేరకు ఊపిరి పీల్చుకుంటున్నారు.

క్రితం ఏడాది రక్తపరీక్షలో చక్కెర బయటపడింది. డాక్టరు కాగితం మీద ఒక అంకె రాసి, దాని చుట్టూ సున్నా చుట్టింది. పన్నెండు కిలోలు తగ్గాలి. ఆ సున్నా ఆవిడకు కొత్తది కాదు. వాళ్ళమ్మ కాలికి ఇలాగే సిరాతో సున్నా చుట్టి, తర్వాత అక్కడివరకూ తీసేశారు. ఆఖరి నాలుగేళ్ళూ తల్లిని మంచం మీదినుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తింది ఈవిడే.

నడవకపోతే కాలు పోతుంది. నడిస్తే కుర్చీ పోతుంది. ఆవిడ దీన్ని ఇంత పొందికగా ఎప్పుడూ చెప్పలేదు. "ఎటు జరిగినా గోడే తగులుతోందండీ," అంది, ట్యాంకుకూ పిట్టగోడకూ మధ్య ఒదిగి నడుస్తూ.

మొదటి రెండు నెలల్లో అంగుళం కరిగింది. సోమవారం సోమవారం మాస్టరు టేపు వేస్తాడు.

"ఊపిరి బిగబట్టావా, అమ్మాయ్?"

"లేదు మాస్టారూ, పొద్దున ఏం తినలేదు."

"తిను తల్లీ. నువ్వు పస్తుంటే ఫ్యాక్టరీ పస్తుంటుంది."

మరుసటి ఆదివారం ఇంట్లో తలుపేసుకుని, తుంటి దాకా దిగే ఒక లోచొక్కా కుట్టింది. లోపల దూది, పైన పల్చటి మెత్తటి గుడ్డ. ఎక్కడ ఎంత పోయిందో అక్కడ అంత కూరింది. తన ఒంటిని తనకంటే ఎవరు బాగా కొలవగలరు? కరిగిన ప్రతి అంగుళాన్నీ ఒక పొరగా మళ్ళీ పెట్టుకుంది. ఉదయం ఆరుంబావు దాకా మేడ మీద తగ్గేది, ఎనిమిదింటికి ఆ చొక్కా తొడుక్కుని పాత మనిషిగా బస్సెక్కేది. ఉక్కపోతలో ఆ దూది చెమట పీల్చుకుని ఇంకా బరువెక్కేది. సాయంత్రం విప్పి తీగ మీద ఆరేస్తే, కూర్చున్న మనిషి లేచి వెళ్ళిపోయినా ఆమె ఆకారం అక్కడే మిగిలిపోయినట్టు ఉండేదట.

ఆవిడ భర్తకు కింద వీధిలో జిరాక్స్ దుకాణం ఉంది. "నేను కాపీలు తీసి బతుకుతున్నాను. మా ఆవిడ కాపీ లోపల దాక్కుని బతుకుతోంది," అనేవాడు. మొదట్లో ఆవిడకు నవ్వొచ్చేది. నాలుగో నెలకు రావడం మానేసింది.

అప్పుడు గౌన్లు వెనక్కి వచ్చాయి. కొత్త మోడలు, కుచ్చులు తగ్గించిన తిన్నటి కోత. కొన్నవాళ్ళందరిదీ ఒకటే గోల. నిలబడితే బాగుంది, కూర్చుంటే పొట్ట దగ్గర గుండీలు విడిపోతున్నాయి. మాస్టరు కోతకు వాడిన కాగితం నమూనాలు మళ్ళీ పరిచాడు, గుడ్డను తడిపి కొలిచాడు. తప్పెక్కడా దొరకలేదు. కారణం ఆ గదిలో ఆవిడ ఒక్కదానికే తెలుసు. ఒళ్ళు కూర్చుంటే పక్కలకు పరుచుకుంటుంది. దూది పరుచుకోదు.

"ఎక్కడో ఎవరో పెద్దావిడ పదిమందిలో కూర్చుని, గుండీ ఊడితే చేతిసంచి అడ్డం పెట్టుకుని ఉంటుందండీ. నేనూ అలా పెట్టుకున్న దాన్నే. మళ్ళీ ఇంకొకరి చేత పెట్టించాను." ఆ రోజు ఆవిడ నా వైపు చూడలేదు. రుమాలును విప్పి, మడిచి, మళ్ళీ విప్పింది.

మాస్టరు ఆ గౌనే మళ్ళీ తొడిగించాడు. తుంటి దగ్గర గుడ్డను రెండు వేళ్ళతో పట్టి గుండుసూది గుచ్చాడు. చూపు ఆనక చెయ్యి జారింది. సూది తలదాకా దిగిపోయింది. పదకొండేళ్ళలో కొన్ని వందలసార్లు ఆయన చెయ్యి అలా జారింది. ప్రతిసారీ ఆవిడ "సూది, మాస్టారూ" అనేది, ఆయన "పొరపాటు తల్లీ" అనేవాడు. ఈసారి ఆవిడ గోడ గడియారం చూస్తూ నిలబడి ఉంది.

ఆయన సూదిని మెల్లగా బయటికి లాగాడు. వెలుతురులో పెట్టి చూశాడు. చివర ఒక దూది పోగు.

"నొప్పి పుట్టలేదా, అమ్మాయ్?"

"పుట్టింది మాస్టారూ."

"ఎక్కడ?"

ఆయన మిగతావాళ్ళను టీకి పంపి తలుపు దగ్గరగా వేశాడు. ఎన్నాళ్ళయింది అంటే నాలుగు నెలలంది. ఎంత తగ్గావు అంటే తొమ్మిది కిలోలంది. "మంచిదే," అన్నాడు. ఆవిడ కుర్చీలో ఆయనే కూర్చున్నాడు.

"గుడ్డ సాగిందని పైవాళ్ళకు చెబుతాను. నా మాట నమ్ముతారు. కానీ ఆరువారాల్లో కొత్త మోడళ్ళు వస్తాయి. అప్పటికి ఈ గదిలో నలభయ్యారు ఉండాలి. నువ్వే అయితే నాకు సంతోషం. తిని రా తల్లీ. ఇంకేం చెప్పను?"

మర్నాడు నా కప్పు మీద అడుగులు లేవు. ఆ మర్నాడూ లేవు. ఐదున్నరకు మెలకువ వచ్చి, నిశ్శబ్దం వింటూ పడుకునేవాణ్ణి. ముప్పై ఎనిమిది లెక్కపెట్టేవాణ్ణి, మలుపు వచ్చేది కాదు. ఒకరోజు మెట్ల మీద ఎదురైంది. చేతిలో బేకరీ డబ్బా. "తింటున్నానండీ," అంది, మందు వేసుకుంటున్నాను అన్నట్టు. బన్నులు, కేకు ముక్కలు, వెన్న రాసిన రొట్టె. ఒకప్పుడు ఇష్టమై దాచుకుని తిన్నవే, ఇప్పుడు గడియారం చూసుకుని నములుతోంది. ఎనిమిది రోజుల్లో రెండు కిలోలు వెనక్కి వచ్చాయి.

తొమ్మిదో రోజు సాయంత్రం ఇంట్లో నేల మీద అక్కడక్కడా ఎర్రటి చుక్కలు కనిపించాయి. వంటింటి దాకా, వంటింట్లోంచి మంచం దాకా. భర్త తన కాళ్ళు చూసుకున్నాడు, ఏమీ లేదు. ఆవిడ తన ఎడమ పాదం తిప్పి చూసుకుంది. మడమలో గుండుసూది, తలదాకా. ఎప్పుడు దిగిందో తెలియదు.

"ఒక్క క్షణం ఏమనిపించిందో తెలుసాండీ? ఇది కూడా దూదేమో అనిపించింది. కాలికి దూది కుట్టుకున్నానా అని ఆలోచించాను." వాళ్ళమ్మకు మొదలైంది అలాగే. వేడినీళ్ళలో కాలు పెట్టి, వేడి తెలియక కూర్చుంది.

మర్నాడు కుంటుతూనే నడిచింది. పదిహేను చుట్లు. నాకు పైనుంచి ఒక అడుగే వినిపించింది, రెండోది తేలిపోయింది. ఆ రోజే సాంపిల్ రూముకు వెళ్ళి, దూది చొక్కాను బల్ల మీద మడతపెట్టి, వేరే మనిషిని చూసుకోమంది. మాస్టరు ఆ చొక్కాను తిరగేసి లోపలి కుట్లు చూశాడట. "ఎంత బాగా కుట్టావే," అన్నాడట.

ఇప్పుడు మళ్ళీ లైనులో ఉంది. ఈసారి ఎడమ చెయ్యి. స్టూలు అదే, మోకాలు నొప్పి అదే. రోజుకు తొమ్మిది గంటలు కదలకుండా కూర్చుని, నలభై అయిదు నిమిషాలు నడిచి తగ్గించుకున్నది ఏ మేరకు నిలుస్తుందో డాక్టరు కూడా చెప్పలేదు. క్యాంటీనులో ఇంకా నలభయ్యారు అనే పిలుస్తున్నారు. ఆ పేరు ఇప్పుడు ఇద్దరికి ఉంది.

నేను ఆ ఇల్లు ఖాళీ చేసిన రోజు ఉదయం, చివరిసారి మేడ మీదికి వెళ్ళాను. లైను ఏడింటికే మొదలవుతుంది కాబట్టి చుట్లు అయిపోయి, దిగడానికి సిద్ధంగా ఉంది. కొత్తగా వచ్చిన మనిషి ఎలా చేస్తోందని అడిగాను.

"ప్యాకింగులోంచి వచ్చిందండీ. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి, ఇద్దరు చిన్నపిల్లలు. పెట్టెలు మోసి మోసి నడుం పడిపోయిన మనిషి. ఫ్యాను కింద కూర్చుని పొంగిపోతోంది. నిన్న క్యాంటీనులో నా పక్కకు వచ్చి, ఏం తింటే కొలత మారకుండా ఉంటుందక్కా, అని అడిగింది." మెట్ల తలుపు గొళ్ళెం తీసి, చెయ్యి దాని మీదే ఉంచింది. "అమ్మ కాలి సంగతి చెబుదామనే నోరు తెరిచానండీ. ఆ కుర్చీ ఎంత సుఖమో నాకు తెలుసుగా. బన్నులు ఏ బేకరీలో బాగుంటాయో చెప్పాను."