పెద్ద ఈలాండ్ కోసం మిర్చి సీజన్లో ప్రయాణం

మా ఆయనకి గుంటూరు యార్డులో మిర్చి కమీషను కొట్టు. వేట ఆయన సరదా. ఇక్కడ పత్తిచేలో పడ్డ జింకమీద చెయ్యేసినా జైలే కాబట్టి ఆఫ్రికా పోతారు. అక్కడ దానికి పర్మిట్లుంటాయి, తుపాకీ కూడా క్యాంపు వాళ్ళే ఇస్తారు. కొమ్ములూ తోళ్ళూ ఇంటికి తెచ్చింది లేదు, ఫొటోలే.

ఆయన మనసు పడ్డది ఈలాండ్ మీద. జింకల్లో చేరేదే గానీ ఒళ్ళు ఒంగోలు గిత్తది, మెడకింద గంగడోలు కూడా ఊగుతుంది. అందులో నాలుగు రకాలు. నేను చదివింది అయిదో క్లాసే అయినా ఆ నాలుగూ నాకు నోటికొచ్చేశాయి. ఏ ట్రిప్పయినా నేను చపాతీలు వత్తుతుంటే ఆ పక్కనే కూర్చుని ఫోన్లో కుదుర్చుకునేవారు మరి. బాగా దక్షిణానిది నున్నగా ఉంటుంది, చారలుండవు. జాంబియాది తెల్లచారలది. టాంజానియాది ఎర్రమట్టి రంగు. "తేజా, బాడిగా రెండూ మిరపకాయలే, ఒకటే అంటామా ఏంటి?" అనేవారు. మొదటి రెండూ యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు అయిపోయాయి. టాంజానియాది సరుకు పల్చబడ్డాక.

నాలుగోదానితోనే పేచీ. కామెరూన్‌లో ఉంటుంది, అన్నిట్లోకీ పెద్దది, నల్లమెడ. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి మే నెల వానలకి ముందే అక్కడ వేట ఆపేస్తారు. అంటే సరిగ్గా మనకి యార్డు నిండా బస్తాలున్నప్పుడు. ట్రిప్పులు కుదిర్చే హైదరాబాదు మనిషితో వాదించారు కూడా, "మా సెలవుల్లో పెట్టండి బాబూ!" అని. అడవికి మన యార్డు సెలవులు తెలీవుగా.

పైగా దాన్ని జీపులో తిరిగి కొట్టరట, అడుగుజాడ పట్టుకుని పొద్దస్తమానం నడవాలి. ఈయన మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. "ఈ ఏడు పోకపోతే ఇక పోలేనే" అన్నారు. సత్తెనపల్లి నుంచి మా తమ్ముణ్ణి పిలిపించాను.

"కొట్టు నేను చూసుకుంటా, పో బావా" అన్నాడు వాడు.

"ఒరేయ్, కాయ పట్టుకుంటే తేమ తెలుస్తుందా నీకు?"

"తెలీకపోతే ఆరలేదని రైతే చెప్తాడు."

"ఏ రైతు చెప్తాడ్రా!"

అని తిట్టి, వెళ్ళారు.

జరిగింది వచ్చాక చెప్పారు. రోజుల తరబడి జాడలే తప్ప జంతువు లేదు. పర్మిట్టు రేపటితో అయిపోతుందనగా, మధ్యాహ్నం పూట జాడ తీసే మనిషి చెయ్యెత్తి ఆపాడట. చెట్ల సందున మగది, అడ్డంగా నిలబడి ఆకు మేస్తోంది. గురి కదలకుండా తుపాకీని మూడుకాళ్ళ కర్రలమీద ఆనించారు. కళ్ళలోకి చెమట. భుజాన తువ్వాలు తీసి తుడుచుకున్నారు.

ఆ తువ్వాలు కొట్లోది. ప్రయాణానికి సర్దేటప్పుడు అలవాటు కొద్దీ పెట్టెలో పడేసుకున్నారు, నాకు ఉతకడానికైనా ఇవ్వకుండా. అన్నాళ్ళూ క్యాంపు వాళ్ళిచ్చిన గుడ్డే వాడి, ఆ రోజు అది ఆరలేదని దీన్ని తీసుకెళ్ళారు. యార్డులో ఏ మనిషీ మిర్చి దుమ్ము పట్టిన తువ్వాలు కంటిదాకా పోనివ్వడు, జబ్బకే తుడుచుకుంటాడు. అడవిలో ఆ సంగతి గుర్తు రాలేదు. ఘాటుకి రెండు కళ్ళూ మూతపడి, "అమ్మో" అని పెద్ద కేక వచ్చేసింది. జాడ తీసే మనిషి సీసా నీళ్ళన్నీ మొహాన పోసి, తువ్వాలు వాసన చూసి తనూ తుమ్మాడట. ఈయన కళ్ళు తెరిచేసరికి చెట్లే ఉన్నాయి. మర్నాడు నడుద్దామంటే మోకాలు మడత పడలేదు.

"మొత్తానికి మన సరుకు కామెరూన్‌కి ఎగుమతి చేశావు బావా!" అన్నాడు తమ్ముడు.

"ఎంత దగ్గరగా చూశారు?" అన్నాను.

"మెడ కదిలిస్తే గంగడోలు ఊగడం కనపడింది."

హైదరాబాదు మనిషి మరుసటేటికి తేదీలడుగుతూ ఫోన్ చేశాడు. "ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి, మూడు చాలు నాకు" అని, చెప్పులేసుకుని యార్డుకి పోయారు.