లెకాల్ కేక

రెండో జట్టు ఆడే మైదానంలో డప్పులుండవు, బూరలుండవు. గొడుగుల కింద కూర్చున్న నలుగురు ముసలివాళ్లు, కంచె అవతల కుక్కలు, అంతే. బ్యాటు పట్టుకుని నిలబడితే ఎవడి ఊపిరి వాడికి వినిపిస్తుంది. లెకాల్ రెండేళ్లుగా ఆ మైదానంలోనే ఆడుతున్నాడు.

తైతుంగ్ తీరంలో అమిస్ తెగవాళ్ల చేపల పల్లె అతనిది. పదేళ్లకే బడి జట్టు హాస్టల్లో చేరాడు. పెద్ద తరగతుల వాళ్ల బట్టలుతికాడు, కోచ్ చేతి కర్ర దెబ్బలు తిన్నాడు, బేస్‌బాల్ నేర్చుకున్నాడు. ఇంకేదీ నేర్చుకోలేదు. "నీకు లెక్కలెందుకురా, బంతి కొట్టు చాలు" అనేవాళ్లు మాస్టార్లు. కొట్టాడు. ప్రొఫెషనల్ జట్టులోకి వచ్చిన మూడో ఏడు మైదానం గోడ దాటే అతని హోమ్ రన్లకు జనం వెర్రెత్తిపోయారు. స్టాండులో కేకలు వేయించే నాయకుడు అతను బ్యాటు పట్టినప్పుడల్లా పాడేందుకు ఒక పాట కట్టాడు. ముందు మూడు డప్పు దెబ్బలు, తర్వాత లెకాల్ ఊరి మగవాళ్లు కోత పండుగలో చేతులు కలిపి వలయంగా ఆడుతూ వేసే కేక.

ఆ పండుగ వేసవిలో వస్తుంది. ఆటలూ అప్పుడే. ఊళ్లో ఒక ఈడు మగపిల్లలంతా ఒక దండు, ఒకడు రాకపోతే వలయంలో ఆ చోటు ఖాళీ. లెకాల్ చోటు ఏటా ఖాళీయే. దండులోని కచావ్ ఫోన్ చేసి తిట్టేవాడు. "నువ్వు రావు, నీ కేక మాత్రం రోజూ టీవీలో వస్తుంది. సరేలే, వచ్చినట్టే అనుకుంటున్నాం పో."

ఆ కేకకు అలవాటుపడ్డాడు. మూడు దెబ్బలు పడేవి, కేక లేచేది, అప్పుడు కొట్టే ఊపు కోసం ముందు కాలెత్తేవాడు. "బంతిని చూసి ఎత్తరా కాలు, పాట విని కాదు!" అని ప్రొఫెషనల్ జట్టు కోచ్ చియూ అప్పట్లోనే మొత్తుకున్నాడు. బంతులు గోడ దాటుతున్నంత కాలం ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. తర్వాత మోకాలు పోయింది, రెండో జట్టుకు దింపేశారు.

సెప్టెంబరు చివర్లో మొదటి జట్టులో ఒకడికి వేలు విరిగింది. కోచ్ చియూ ఫోన్ చేశాడు. "ఆదివారం వచ్చెయ్. పైవాళ్లు చూస్తారు. ఒక్క దెబ్బ గట్టిగా కొట్టు, వచ్చే ఏడు సంగతి నేను మాట్లాడతా. లేదంటే నా చేతుల్లో ఏమీ లేదు."

ఆదివారం, ఆటగాళ్లు కూర్చునే డగౌట్లో పాత క్యాచర్ అ-క్వే నవ్వాడు. "ఏరా ముసలోడా, మ్యూజియం వాళ్లు వదిలేశారా నిన్ను?"

"నీ పొట్టకి చోటు కావాలని ఖాళీ చేయించారు" అన్నాడు లెకాల్. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఆరో ఇన్నింగ్స్‌లో తమవాళ్లిద్దరు పరుగుకు సిద్ధంగా బేసుల మీద ఉండగా అతన్ని బ్యాటింగుకు పంపారు. స్టాండులో బూరలు లేచాయి. అది ఎవరికైనా వాయించే మామూలు పాట. లెకాల్ తన పాట కోసం ఆగాడు. మొదటి బంతి పక్కనుంచి వెళ్లిపోయింది. స్ట్రైక్. రెండోదానికి బ్యాటు ఆలస్యంగా తగిలింది, బంతి గీత బయటికి పోయింది. అదీ స్ట్రైకే. మూడో బంతి సరిగ్గా నడిమధ్యకు వచ్చింది. ఒకప్పుడు నిద్రలో లేపినా కొట్టే బంతి. కాలు లేవలేదు. బ్యాటు భుజం మీదే ఉండిపోయింది. మూడో స్ట్రైక్, ఔటని అంపైర్ చెయ్యెత్తాడు.

తర్వాత బ్యాటు పట్టింది పో-యువెన్. రాజధాని తైపే కుర్రాడు, అమిస్ వాడు కూడా కాదు. డప్పు మూడుసార్లు మోగింది. స్టాండంతా లేచి లెకాల్ ఊరి కేక వేసింది. డగౌట్లో కూర్చున్న లెకాల్ ముందు కాలు దానంతటదే లేచింది. అ-క్వే అది చూసి తల తిప్పుకున్నాడు. బంతి గోడ దాటింది. అందరూ ముందున్న కమ్మీలు బాదుతూ లేచారు. లెకాల్ కూడా లేచి చప్పట్లు కొట్టాడు.

పో-యువెన్ చెమటలు కక్కుతూ వచ్చి అతని ముందు ఆగాడు. "అన్నా... ఆ పాట నేను అడగలేదన్నా. స్టాండువాళ్లే ఈ వారం ఇచ్చారు. మీరిక పైకి రారని చెప్పారు."

"బాగా కొట్టావు" అన్నాడు లెకాల్. "కేక కోసం మాత్రం ఆగకు."

ఆట ముగిశాక కోచ్ చియూ అతని వైపు చూడకుండానే దాటిపోతూ "బట్టలు మార్చుకుని ఆఫీసుకి రా" అన్నాడు. సీజన్ చివర్లో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు.

లెకాల్ గదిలో బూట్లు విప్పుతుంటే ఫోన్ మోగింది. కచావ్.

"ఒరే! లారీలోంచి చేపలు దింపుతున్నా, పక్క కొట్లో టీవీ మోగుతోంది. మన కేక వినపడిందిరా! వెంటనే జనం ఒకటే అరుపు! దంచేశావు కదరా?"

లెకాల్ గోడకేసి చూశాడు. "ఊఁ" అన్నాడు.

"చాన్నాళ్లకు విన్నాం! ఇక్కడ మందు తెరిచేశార్రా. అయితే ఇంకో ఏడు ఆడతావన్నమాట. వచ్చే పండక్కీ నీ చోటు ఖాళీయేనా?"

వచ్చే వేసవి అతనికి ఆటలేమీ ఉండవు. ఊరెళ్తే, ఆ వలయంలో నిలబడి ఆ కేక తనే వేయాలి.

"రాలేను" అన్నాడు లెకాల్. "ఆటలుంటాయిగా."