నేను చూస్తుంటే నడిచే మగ్గం

ధర్మవరంలో ఆ మగ్గం నేను పక్కన కూర్చున్నంతసేపూ చక్కగా నడిచేది. నేను హిందూపురం రైలెక్కగానే నేతలో తప్పులు మొదలయ్యేవి.

హిందూపురం పారిశ్రామికవాడలో ఒక చిన్న షెడ్డులో పనిచేస్తున్నాను. చేనేత మగ్గాలకు చిల్లులు పొడిచిన డిజైన్ అట్టల బదులు పెట్టే ఎలక్ట్రానిక్ జకార్డులు మేం తయారుచేస్తాం. నేతగాడు కాలితో కర్ర తొక్కగానే, ఆ వరుసలో ఏ పోగులు లేవాలో బోర్డు మీది చిప్పు చూసి, వాటి అయస్కాంతాలకు కరెంటు పంపుతుంది. అవి కొక్కేలను పట్టుకుంటే మోటారు పోగులను పైకెత్తుతుంది. ఆ చిప్పులోకి ప్రోగ్రాం రాసేది నేనే.

ధర్మవరం నేతన్నకు యాభై దాటాయి. పాత జకార్డు బరువును ఏళ్లతరబడి తొక్కి తొక్కి కుడి మోకాలు అరిగిపోయింది. నేత మానేసి బెంగళూరులో వాచ్‌మన్ పనికి రమ్మని బంధువొకాయన పిలుస్తున్నాడట. భార్యే పట్టుబట్టి ఈ మోటారు జకార్డు పెట్టించింది. మొదటిరోజే టీ ఇస్తూ ఆమె ఇదంతా నాకు చెప్పింది. అందుకే ఆ మగ్గం ఆగిందని తెలిస్తే నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు.

లేవాల్సిన పోగులు కొన్ని లేవకుండా ఉండిపోయేవి. అంచులో నెమలి మెడ దగ్గర జరీ చెదిరిపోయేది. ఆయన నేసిందంతా ఓపిగ్గా విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. నేను వెళ్లి లాప్‌టాప్ తగిలించి, ప్రతి అడుగులోనూ చిప్పు ఏం చేస్తోందో తెర మీద చెప్పే ప్రోగ్రాం ఎక్కించాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒక్క పోగూ తప్పలేదు. ఏ తీగో వదులై ఉంటుందనుకుని అన్నీ బిగించి, మామూలు ప్రోగ్రాం మళ్లీ ఎక్కించి బయల్దేరాను. ఇల్లు చేరకముందే ఫోన్ వచ్చింది.

మా ఓనరు బోర్డు మార్చమన్నాడు. మార్చాను. తీగలూ మార్చాను. ఫలితం అదే. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే ఫోన్ మోగినట్టే ఉండేది. షెడ్డులో మా టేబుల్ మీద అదే ప్రోగ్రాం రోజంతా నడిపినా తప్పు కనిపించేది కాదు. కనిపించి ఉంటే కాస్త కుదుటపడేదాన్నేమో.

మూడోసారి వెళ్లినప్పుడు నేతన్న భార్య అనేసింది. "నువ్వుంటే బాగా నేస్తాది పాపా. నువ్వు గడప దాటితే దానికి ఏమొస్తాదో ఏమో."

ఈ చీర అయిపోయినాక పాత అట్టలే ఎక్కిద్దామని ఆయన భార్యతో మెల్లగా చెప్పడం నాకు వినబడింది.

ఆరోజు తిరుగు రైలు పెనుకొండలో క్రాసింగ్ కోసం ఆగి ఉండగా మళ్లీ ఫోన్. ఎత్తకుండానే సంగతి తెలిసిపోయింది. సంచి తీసుకుని దిగేశాను. ధర్మవరం వైపు బండికి ఇంకా చాలాసేపుంది. ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరిగి, విసుగొచ్చి, బెంచీ మీద లాప్‌టాప్ తెరిచి తప్పు వెతికే ప్రోగ్రాం, మామూలు ప్రోగ్రాం రెండూ పక్కపక్కన పెట్టుకున్నాను. తేడా ఒక్కటే. మొదటిదాంట్లో తెర మీదికి కబురు పంపే వరుసలున్నాయి, రెండోదాంట్లో లేవు. అంతకుముందు కూడా చూసినదే. కబురు చెప్పినంత మాత్రాన మగ్గం బాగుపడుతుందా అని పక్కన పెట్టేశాను.

కానీ కబురు చెప్పడానికీ సమయం పడుతుంది. రెప్పపాటు కూడా ఉండదు గానీ, అంతసేపూ చిప్పు ఆగుతుంది. కరెంటు పంపడానికీ మోటారు ఎత్తడానికీ మధ్య ఆ కాస్త వ్యవధిలోనే అయస్కాంతాలు కొక్కేలను పట్టుకుంటున్నాయి. మా షెడ్డులో కరెంటు నిలకడగా ఉంటుంది కాబట్టి అవి వెంటనే పట్టేవి. ఆ వీధిలో ఇంటింటా మోటార్లు నడిచి వోల్టేజి పడిపోతే నిదానంగా పట్టేవి. కబురు వరుసలు లేకపోతే ఆలోపే మోటారు ఎత్తేస్తోంది. ఇన్నాళ్లూ నేను తప్పు వెతకడానికి పెట్టిన వరుసలే తప్పును కప్పేశాయి.

ధర్మవరం చేరగానే ప్రోగ్రాంలో ఆ చోట కొంచెం ఆగమని రాశాను. భయంకొద్దీ కావలసినదానికంటే ఎక్కువే ఆపాను. లాప్‌టాప్ తీసేసి, నేను లేకున్నా నడుస్తుందేమో చూద్దామని వీధిలోకి పోయి నిలబడ్డాను. ఆమె గడపలోంచి చూసి నవ్వింది. నెమలి మెడ సరిగ్గా వచ్చింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆయన చేయి వేగం అందుకోగానే, తొక్కినా మగ్గం పలకడం మానేసింది. ఆగమంటే చిప్పు పూర్తిగా ఆగిపోతుంది, అప్పుడు కాలు తొక్కిన సంగతి కూడా చూడదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆయన నా ముఖం చూశాడు. "పోనీలేమ్మా. నేనే మెల్లగా తొక్కుతాలే," అన్నాడు.

నన్ను ఊరడించడానికే ఆ మాట అన్నాడు. కానీ అరిగిన ఆ మోకాలు నా ప్రోగ్రాం కోసం తన నడక మార్చుకోవడానికి నా మనసు ససేమిరా ఒప్పుకోలేదు.

"వద్దన్నా. మీరు ఎట్ల తొక్కుతారో అట్లే తొక్కండి. అదే మారాల," అన్నాను.

మగ్గం గుంట పక్కన నేల మీదే కూర్చుని మళ్లీ రాయడం మొదలుపెట్టాను. పొయ్యి మీద కూర పెట్టి, అది ఉడికేదాకా దాని ముందే నిలబడకుండా ఆమె రాట్నం తిప్పుకుంటోంది. చిప్పు కూడా అలాగే చేయాలి. అయస్కాంతాలకు కరెంటు పంపిన క్షణం గుర్తుపెట్టుకుని, ఆగకుండా కాలి కర్రను చూస్తూనే ఉండాలి. సమయం కాగానే మోటారుకు చెప్పాలి. ఈలోపు కాలు పడితే దాన్ని జ్ఞాపకం ఉంచుకోవాలి. రెండుసార్లు తప్పు రాశాను. ఒకసారి మోటారు ఎత్తిన పోగులను దించనే లేదు. ఆయన బీడీ కాల్చుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు.

చివరికి ఆయన వచ్చి కూర్చున్నాడు. మొదట అనుమానంగా తొక్కాడు. తర్వాత తన వేగం అందుకున్నాడు. నేను ఒక్కో దెబ్బా వింటూ, ఇప్పుడు తప్పుతుంది, ఇప్పుడు తప్పుతుంది అనుకుంటూ నిలబడ్డాను. నెమలి మొత్తం పూర్తయింది, పక్క నెమలి మొదలైంది. రైలుకు టైమవుతాందని ఆమె రెండుసార్లు చెప్పాక గానీ కదల్లేదు.

ఆ చీర కొత్త జకార్డు మీదే అయిపోయింది. బెంగళూరు బంధువుకు రానని చెప్పేశారట. ఆ తర్వాత పక్కింటి వాళ్లు కూడా జకార్డు పెట్టించుకుంటే ఆ వీధికి మళ్లీ వెళ్లాను. దారిలో నేతన్న ఇంట్లోకి తొంగి చూశాను. తర్వాతి చీరకు అంచు రంగు ఏది బాగుంటుందని మొగుడూ పెళ్లాలు గట్టిగా వాదించుకుంటున్నారు. ఆయన నేస్తూనే మాట్లాడుతున్నాడు. నేను వచ్చింది ఇద్దరూ చూడలేదు. కాసేపు నిలబడి విని, పక్కింటికి పోయాను.